బొడ్డు చుట్టూ పద్నాలుగు సూదులు, నరం మీద తెల్లటి పొర

బంగారుపాళ్యంలో అరవై దాటిన వాళ్లు నలుగురు కూర్చున్న చోట పిచ్చికుక్క మాట వస్తే, దాని వెంటే బొడ్డు చుట్టూ పద్నాలుగు సూదుల మాట వస్తుంది. మామిడికాయల కాలంలో మార్కెట్ యార్డు ముందు ట్రాక్టర్లు వరసకట్టి ఉంటాయి. కాయల మీద కాపలా పడుకునే రైతులుంటారు, వాళ్ల మధ్య తిరిగే కుక్కలూ ఉంటాయి. అందుకే ఆ మాట ఈ ఊరికి పాతబడలేదు. "కుక్క కాటన్నా ఓర్చుకోవచ్చు గానీ ఆ సూదులు ఓర్చుకోలేమబ్బా" అని పెద్దవాళ్లు చెప్పడం, పిల్లలు నోరు తెరుచుకుని వినడం చిత్తూరు జిల్లాలో ఏ ఊళ్లోనైనా చూడవచ్చు.

ఆ భయం నొప్పి వల్ల వచ్చింది మాత్రమే కాదు. ఆ సూదులు వేయించుకున్న వాళ్లలో కొందరికి ఒకటి రెండు వారాల్లో జ్వరం, తలనొప్పి మొదలయ్యేవి. తర్వాత కాళ్లలో సత్తువ పోయేది, మూత్రం బిగదీసేది. కొందరు మంచాన పడ్డారు, కొందరు చనిపోయారు. కుక్క విషమే తలకెక్కిందని కొందరన్నారు, సూదిమందే వికటించిందని మరికొందరన్నారు. రెండో మాటే నిజానికి దగ్గర. ఆ మందును గొర్రె మెదడుతో తయారు చేసేవాళ్లు. గొర్రె మెదడులో ఉండే ఒక పదార్థం మన మెదడులోనూ, వెన్నుపాములోనూ, ఒంట్లోని నరాల మీదా ఉంటుంది. దాని పేరు మైలిన్. గొర్రె మైలిన్‌ను పరాయిదిగా గుర్తుపట్టి దాని మీదికి లేచిన రోగనిరోధక కణాలు, మన సొంత మైలిన్‌నూ వదిలిపెట్టలేదు. అదీ జరిగింది.

మైలిన్ ఏం పని చేస్తుందో తెలియాలంటే, మామిడితోటలో చెప్పుల్లేకుండా నడుస్తూ ముల్లు తొక్కిన మనిషిని గమనిస్తే చాలు. ముందు చురుక్కుమంటుంది, కాలు దానంతటదే పైకి లేస్తుంది. ఒక క్షణం ఆగి సలుపు అందుకుంటుంది. నొప్పి ఇలా రెండు విడతలుగా రావడం భ్రమ కాదు. పాదం నుంచి వెన్నుపాముకు నొప్పిని చేరవేసే నరపోగులు రెండు రకాలు. చురుకును మోసే పోగుల మీద పలచగా మైలిన్ ఉంటుంది. వాటిలో వార్త సెకనుకు 5 నుంచి 30 మీటర్ల వేగంతో పోతుంది. సలుపును మోసే సన్నపోగుల మీద ఆ పొర లేదు. వాటి వేగం సెకనుకు ఒక మీటరు అటూఇటూ, అంటే మనం నింపాదిగా నడిచేంత. పాదానికీ నడుముకీ మధ్య దూరం ఇంచుమించు ఒక మీటరు. ఆ ఒక్క సెకను ఆలస్యాన్నే మనం రెండో నొప్పిగా అనుభవిస్తాం. ఇక కండరాలను ఆడించే పోగులు, కాలు ఎక్కడుందో చెయ్యి ఎక్కడుందో మెదడుకు చెప్పే పోగులు లావైనవి, వాటి మీద మైలిన్ మందంగా ఉంటుంది. వాటి వేగం సెకనుకు 120 మీటర్ల దాకా పోతుంది. గంటకు నాలుగు వందల కిలోమీటర్ల పైమాట.

నరపోగు అంటే నాడీకణం నుంచి సాగిన పొడవైన తోక. అందులో నడిచేది తీగలో కరెంటు లాంటి ప్రవాహం కాదు. పోగు గోడలో సోడియం అయాన్లకు చిన్న చిన్న ద్వారాలుంటాయి. ఒకచోట ద్వారాలు తెరుచుకుంటే సోడియం లోపలికి దూకుతుంది, ఆ తాకిడికి పక్కనున్న ద్వారాలు తెరుచుకుంటాయి, తర్వాత వాటి పక్కవి. పొరలేని పోగులో వార్త ఇలా అణువణువునా ఆగి, మళ్లీ పుట్టి, ముందుకు పాకాలి. దారిలో విద్యుదావేశం గోడల్లోంచి కారిపోతూనే ఉంటుంది.

మైలిన్ చేసే పని ఆ కారడాన్ని ఆపడం. పోగు చుట్టూ పదుల చుట్లు, లావు పోగుకైతే వంద దాకా చుట్లు బిగించి చుట్టిన పొర అది. నీరు తీసేసి తూచితే అందులో 70 నుంచి 80 శాతం కొవ్వే, మిగిలింది ప్రొటీను. అందరూ భయపడే కొలెస్ట్రాల్ అందులో ప్రధానమైన భాగం. మన ఒంట్లోని మొత్తం కొలెస్ట్రాల్‌లో ఇంచుమించు నాలుగో వంతు మెదడులోనే ఉంటుంది, అందులోనూ ఎక్కువ భాగం మైలిన్‌లోనే. మెదడును కోసి చూస్తే తెల్లగా కనిపించే భాగం తెల్లగా ఉండేది ఈ కొవ్వు వల్లే. ఈ పొర పోగు పొడవునా ఏకంగా ఉండదు. మిల్లీమీటరు లోపు, ఒక్కోసారి అంతకు కాస్త ఎక్కువ దూరం చుట్టుకుని, మిల్లీమీటరులో వెయ్యో వంతు ఖాళీ వదిలి, మళ్లీ చుట్టుకుంటుంది. సోడియం ద్వారాలన్నీ ఆ ఖాళీల దగ్గరే కిక్కిరిసి ఉంటాయి. చిత్తూరు నుంచి పలమనేరు పోయే పల్లెవెలుగు బస్సు ప్రతి ఊళ్లోనూ ఆగుతుంది. ఎక్స్‌ప్రెస్ బస్సు ఒకటి రెండు చోట్ల ఆగి సాగిపోతుంది. దారి ఒకటే, ఆగే చోట్లు తగ్గడమే తేడా. మైలిన్ ఉన్న పోగులో వార్త కూడా అలాగే ఖాళీ నుంచి ఖాళీకి అందుకుంటుంది.

ఈ పొరకు 1854లో జర్మన్ వైద్యుడు రుడాల్ఫ్ విర్కో పేరు పెట్టాడు. ఆ ఖాళీలను 1870లలో ఫ్రాన్స్‌లో రాన్వియే చూపించాడు. వార్త ఖాళీల మీదుగానే దూకుతుందని 1930ల చివర్లో జపాన్‌లో తసాకి, 1949లో హక్స్‌లీ, స్టాంప్ఫ్లీ ప్రయోగాలతో తేల్చారు.

మైలిన్ లేకుండానే వేగం సాధించడానికి ఇంకో దారి ఉంది, పోగును లావు చేయడం. సముద్రంలో బతికే స్క్విడ్ ఆ దారినే పట్టింది. దాని పెద్ద నరపోగు అర మిల్లీమీటరు మందం ఉంటుంది, కంటికి కనిపిస్తుంది. అయినా దాని వేగం సెకనుకు 20, 25 మీటర్లే. పొరలేని పోగులో వేగం రెట్టింపు కావాలంటే మందం నాలుగు రెట్లు కావాలి. ఆ లెక్కన మన కాలి నరాల వేగం అందుకోవడానికి ఒక్కొక్క పోగూ ఇంచుమించు సెంటీమీటరు మందం, అంటే వేలంత లావు ఉండాలి. అలాంటివి వేలకు వేలు మన వీపులో ఎక్కడ పడతాయి? మైలిన్ పుణ్యమా అని మిల్లీమీటరులో యాభయ్యో వంతు మందం ఉన్న పోగు ఆ పని చేసిపెడుతోంది. పైగా సోడియాన్ని మళ్లీ బయటికి తోడే పని ఖాళీల దగ్గరే ఉంటుంది కాబట్టి శక్తి ఖర్చు కూడా తగ్గుతుంది.

మైలిన్‌ను తయారు చేసే కణాలు రెండు రకాలు, ఈ తేడాను గుర్తుపెట్టుకోవాలి. కాళ్లలో, చేతుల్లో, మెదడూ వెన్నుపామూ కాని చోట్లన్నిటా ఆ పని ష్వాన్ కణాలది. ఒక్కో కణం ఒక్క ముక్కకే చుట్టుకుంటుంది, ఆ ముక్కకే అంకితమై ఉంటుంది. మెదడులో, వెన్నుపాములో ఆ పని ఆలిగోడెండ్రోసైట్లది. ఒక్క కణమే చేతులు చాపి నలభై, యాభై ముక్కల దాకా చుట్టగలదు. కాబట్టి మెదడులో ఒక్క కణం చస్తే చాలా పోగులు ఒకేసారి బట్టతీసినట్టవుతాయి. ష్వాన్ కణాలకు తిరిగి చుట్టే నేర్పు బాగా ఉంది. మెదడులో ఆ నేర్పు ఉన్నా అంత సాగదు.

పుట్టిన బిడ్డకు ఈ పొర సగం కూడా సిద్ధంగా ఉండదు. మూడు నాలుగు నెలలకు మెడ నిలపడం, తర్వాత కూర్చోవడం, ఏడాదికి అడుగులేయడం, ఈ వరస ఏ ఊళ్లోనైనా ఒకటే. కండరాలు బలపడటంతో పాటు, మెదడు నుంచి వెన్నుపాములోకి దిగే పోగుల మీద మైలిన్ ఆ వరసలోనే కమ్ముకుంటూ రావడం దానికి కారణం. పసిబిడ్డ అరికాలును గీస్తే బొటనవేలు పైకి లేస్తుంది. రెండేళ్లు దాటాక అదే వేలు కిందికి ముడుచుకుంటుంది. పెద్దవాళ్లలో మళ్లీ పైకి లేచిందంటే మెదడు నుంచో వెన్నుపాము నుంచో దిగే దారి ఎక్కడో దెబ్బతిందని డాక్టరు గ్రహిస్తాడు. నుదుటి వెనకున్న మెదడులో, ఆలోచించి నిర్ణయించే చోట, మైలిన్ చుట్టే పని ఇరవయ్యేళ్లు దాటాక కూడా సాగుతూనే ఉంటుంది. రెండేళ్ల లోపు బిడ్డకు వెన్న తీసిన పాలు పట్టే చదువుకున్న తల్లిదండ్రులు ఈమధ్య కనిపిస్తున్నారు. పెద్దల గుండెజబ్బు భయాన్ని పసిబిడ్డ మీద రుద్దడం అన్యాయం. ఆ వయసులో కొవ్వు మెదడుకు కట్టుబడి సామగ్రి.

ఇప్పుడు ఆ పద్నాలుగు సూదుల దగ్గరికి వద్దాం. 1885 జులైలో పారిస్‌లో లూయీ పాశ్చర్ పిచ్చికుక్క కరిచిన జోసెఫ్ మైస్టర్ అనే పిల్లవాడికి వేసిన మందు, రేబిస్ సోకిన కుందేలు వెన్నుపాము నుంచి తయారైంది. రేబిస్ వైరస్ పెరిగేది నాడీకణాల్లో. గాజుపాత్రల్లో కణాలను పెంచే విద్య అప్పటికి లేదు. కాబట్టి వైరస్ కావాలంటే మెదడో వెన్నుపామో కావాల్సిందే. 1911లో కసౌలీలో డేవిడ్ సెంపుల్ అనే బ్రిటిష్ సైనిక వైద్యుడు, వైరస్ సోకిన గొర్రె మెదడును నూరి, ఫినాల్‌తో వైరస్‌ను చంపి, మందు తయారుచేసే పద్ధతి కనిపెట్టాడు. నీలగిరుల్లో కూనూరులో 1907లో మొదలైన పాశ్చర్ సంస్థ దక్షిణ దేశానికి ఆ మందు అందించింది. హైదరాబాద్ నారాయణగూడలోని ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ప్రివెంటివ్ మెడిసిన్‌లోనూ గొర్రె మెదడు మందు తయారయ్యేది. మందులో బలం తక్కువ, అందుకని పద్నాలుగు రోజుల దాకా రోజూ పొడవాల్సి వచ్చేది. మోతాదు ఎక్కువ, పెద్దవాళ్లకు 5 మిల్లీలీటర్ల దాకా, అందుకని చర్మం వదులుగా ఉండే పొట్ట మీద, బొడ్డు చుట్టూ.

ఆ మోతాదులో వైరస్ ఎంత ఉండేదో గానీ, గొర్రె మైలిన్ మాత్రం దండిగా ఉండేది. మైలిన్ చుట్లను ఒకదానికొకటి అంటించి ఉంచే ప్రొటీను ఒకటుంది, మైలిన్ బేసిక్ ప్రొటీన్ అంటారు. గొర్రెలోనూ మనిషిలోనూ అది దాదాపు ఒకే అచ్చు. రోజూ చర్మం కింద దిగుతున్న ఆ ప్రొటీనును కొందరి ఒంట్లోని తెల్లరక్తకణాలు శత్రువుగా గుర్తుపెట్టుకుని, రక్తంలో తిరుగుతూ మెదడుకూ వెన్నుపాముకూ చేరి, అక్కడ అదే ప్రొటీను కనపడగానే పొరను చీల్చేసేవి. వందల్లో ఒకరికని కొన్ని లెక్కలు, వేలల్లో ఒకరికని మరికొన్ని లెక్కలు చెప్పాయి.

ఈ ప్రమాదానికి అసలు కారణం చచ్చీచావని వైరసా, మెదడు ముద్దా అన్న సందేహాన్ని న్యూయార్క్‌లోని రాక్‌ఫెల్లర్ సంస్థలో థామస్ రివర్స్ బృందం 1930లలో తీర్చింది. ఏ వైరసూ లేని ఆరోగ్యమైన కుందేలు మెదడు ముద్దను కోతులకు నెలల తరబడి సూదిమందుగా ఇచ్చారు. కొన్ని కోతులకు కాళ్లు తూలాయి, పక్షవాతం వచ్చింది. వాటి మెదళ్లను సూక్ష్మదర్శిని కింద పెట్టి చూస్తే నరపోగులు చాలావరకు ఉన్నాయి, వాటి మీది మైలిన్ చోటుచోటున లేచిపోయింది. కుక్క విషం అన్న మాట అక్కడితో కొట్టుడుపోయింది.

దీనికి ఇంకా ముచ్చటైన రుజువు చిలీ దేశం నుంచి వచ్చింది. 1955లో అక్కడ ఫుయెన్సాలీదా, పలాసియోస్ అనే శాస్త్రవేత్తలు గొర్రెకు బదులు అప్పుడే పుట్టిన ఎలుకపిల్లల మెదడుతో రేబిస్ మందు చేశారు. ఎలుకపిల్ల పుట్టేసరికి దాని మెదడులో మైలిన్ దాదాపు ఉండదు. ప్రమాదాలు పూర్తిగా పోలేదు గానీ బాగా తగ్గాయి. మైలిన్ లేని మెదడు, ముప్పు తగ్గిన మందు. ఇంతకంటే సూటిగా నేరాన్ని పట్టించే సాక్ష్యం ఏముంటుంది?

గొర్రె మెదడు మందు ఆపేయాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 1980లలోనే చెప్పింది. మన దేశంలో దాని తయారీ ఆగింది 2004 చివర్లో. ఇరవై ఏళ్లు పట్టింది. ఆ మందు చవక. కాటు పడేది ఎక్కువగా పేదవాళ్లకు. డబ్బున్నవాళ్లు అప్పటికే చేతికి వేసే కొత్త మందు కొనుక్కుంటున్నారు. ఆ ఆలస్యాన్ని నేను తప్పనే అంటాను. అదే సమయంలో ఇంకో నిజమూ చెప్పాలి. రేబిస్ లక్షణాలు కనిపించాక బతికిన మనిషి దాదాపు లేడు. కరిచింది పిచ్చికుక్కే అయినప్పుడు ఆ పాత సూదుల ముప్పు కూడా భరించదగినదే, అవి లెక్కలేనన్ని ప్రాణాలు నిలబెట్టాయి.

ఇప్పటి మందులో మెదడు ముక్క లేదు. వీరో కణాలనే కణజాతిని ప్రయోగశాలలో పెంచి, వాటిలో వైరస్‌ను పెంచి, చంపి, శుద్ధిచేసి తీస్తారు. హైదరాబాద్‌లోని ఇండియన్ ఇమ్యునలాజికల్స్ అలాంటి మందు తయారు చేస్తోంది. నాలుగైదు మోతాదులు, అవీ చేతికే. ప్రభుత్వాసుపత్రుల్లో డబ్బు తీసుకోరు. కాటు పడగానే సబ్బుతో, పారే నీటి కింద పదిహేను నిమిషాలు కడిగి, అదే రోజు ఆసుపత్రికి పోవాలి. రక్తం వచ్చేలా కరిస్తే గాయం చుట్టూ ఇమ్యునోగ్లోబులిన్ కూడా వేయాలి. బొడ్డు చుట్టూ సూదుల కథ విని జంకి, పసరు కట్టించుకుని ఊరుకునే మనిషి ఈ రోజుకీ ఉంటే, ఇరవై ఏళ్ల కిందట ఆగిపోయిన మందుకు భయపడి ప్రాణం పోగొట్టుకుంటున్నట్టే.

రివర్స్ కోతుల ప్రయోగం అక్కడితో ఆగలేదు. మల్టిపుల్ స్క్లిరోసిస్ అనే జబ్బులో ఏ సూదీ పడకుండానే ఒళ్లు తన మెదడులోని, వెన్నుపాములోని మైలిన్ మీద దాడి చేస్తుంది. ఒక కన్ను మసకబారడం, కాలు ఈడ్చుకుపోవడం, కొన్ని వారాలకు సర్దుకోవడం, మళ్లీ రావడం దాని తీరు. దాన్ని అర్థం చేసుకోవడానికి శాస్త్రవేత్తలు దశాబ్దాలుగా జంతువుల్లో అదే మెదడుముద్ద జబ్బును పుట్టిస్తూ వచ్చారు. ఇజ్రాయెల్‌లోని వైజ్‌మన్ సంస్థలో మైకేల్ సెలా, రూత్ ఆర్నన్, ద్వోరా టైటెల్‌బామ్ ఆ మైలిన్ ప్రొటీనును పోలిన కృత్రిమ పదార్థాలు చేసి, జబ్బు పుడుతుందేమో చూశారు. పుట్టలేదు. పైగా అవి ఇచ్చిన జంతువులకు జబ్బు రాకుండా ఆగింది. అందులో ఒకటి గ్లాటిరమర్ అనే మందై 1996లో అమెరికాలో అనుమతి పొందింది. 2017లో దాని చవక రూపానికి మైలాన్ కంపెనీతో కలిసి అమెరికా అనుమతి సాధించింది హైదరాబాద్‌కు చెందిన నాట్కో. గొర్రె మెదడు సూదులతో మంచాన పడ్డవాళ్ల బాధ నుంచి పుట్టిన ప్రశ్నకు, తొంభై ఏళ్ల లోపే జవాబొక మందై తెలుగు నేల మీదికి వచ్చింది.

2025 ఫిబ్రవరిలో మన పత్రికల్లో గియాన్ బారే సిండ్రోమ్ పేరు మారుమోగింది. అంతకు ముందు నెలలో పుణెలో చాలామందికి వచ్చింది. గుంటూరు ప్రభుత్వాసుపత్రిలో ఒక మహిళ దీనితో చనిపోయాక ఇక్కడా గుబులు పుట్టింది. ఇదీ ఒళ్లు తన నరాల మీద తాను పడే జబ్బే, కాకపోతే మెదడులో కాదు, కాళ్లూ చేతుల నరాల మీద. చాలామందికి కలుషితమైన నీళ్లు తాగో తిండి తినో విరేచనాలు పట్టిన వారం పది రోజులకు పాదాల్లో తిమ్మిరి, తర్వాత బలహీనత మొదలై పైకి ఎక్కుతూ వస్తుంది. ఊపిరి కండరాల దాకా పోతే వెంటిలేటర్ కావాలి. లక్షమందిలో ఏడాదికి ఒకరిద్దరికి వచ్చే జబ్బు ఇది, మనిషి నుంచి మనిషికి అంటుకోదు. సమయానికి ఇమ్యునోగ్లోబులిన్ ఇస్తేనో ప్లాస్మా మారిస్తేనో ఎక్కువమంది లేచి నడుస్తారు. మైలిన్ మాత్రమే పోయి లోపలి పోగు మిగిలినవాళ్లు ఇంకా తొందరగా కోలుకుంటారు, ఎందుకంటే ష్వాన్ కణాలు మళ్లీ చుట్టడం మొదలుపెడతాయి. కొత్త చుట్టు పాతదాని కంటే పలచన, ముక్కలు పొట్టివి, అయినా వార్త నడుస్తుంది.

ఆ ష్వాన్ కణాల్లోనే ఇల్లు కట్టుకుంటుంది కుష్ఠు తెచ్చే సూక్ష్మజీవి. చిత్తూరు వాళ్లు పెద్ద జబ్బుకు పరుగెత్తే వేలూరుకు దగ్గర్లోనే కరిగిరి కుష్ఠు పరిశోధన కేంద్రం 1955లో మొదలైంది. వేలూరు క్రిస్టియన్ మెడికల్ కాలేజీలో పనిచేసిన పాల్ బ్రాండ్, కుష్ఠు రోగుల వేళ్లు కుళ్లి రాలిపోవడం లేదనీ, నరం చచ్చి స్పర్శ తెలియక కాలి, తెగి, చీము పట్టి అరిగిపోతున్నాయనీ చూపించాడు. స్పర్శ లేని పాలిపోయిన మచ్చ కనిపిస్తే వెంటనే మందు మొదలుపెట్టాలని చెప్పడానికి ఇంతకంటే కారణం అక్కర్లేదు.

మైలిన్ తిండిలో లోటు వల్ల కూడా దెబ్బతింటుంది. ఆ సంగతి చెప్పాలంటే కూనూరు కొండ మీది ఆ పాశ్చర్ సంస్థ దగ్గరికి మళ్లీ రావాలి. 1918లో అక్కడే ఒక్క గదిలో రాబర్ట్ మెకారిసన్ పోషకాహార పరిశోధన మొదలుపెట్టాడు. ఆ ప్రయోగశాలే 1958లో హైదరాబాద్‌కు తరలివచ్చి, తర్వాత జాతీయ పోషకాహార సంస్థ అయింది. 1929లో లూసీ విల్స్ అనే ఇంగ్లిష్ వైద్యురాలు కొన్నాళ్లు కూనూరులో పనిచేసింది. బొంబాయి మిల్లు కార్మికుల్లో గర్భిణులకు వచ్చే ఒక తరహా రక్తహీనత ఈస్టు సారంతో నయమవుతుందని కనిపెట్టింది ఆమే. ఆ సారంలో ఉన్న పదార్థం ఫోలిక్ ఆమ్లం. దాన్ని ప్రయోగశాలలో తయారుచేసి 1945లో లోకానికి చూపించింది అమెరికాలోని లెడర్లీలో యల్లాప్రగడ సుబ్బారావు నడిపిన బృందం. సుబ్బారావు భీమవరంలో 1895లో పుట్టారు. ఆయన సోదరుడు పురుషోత్తం స్ప్రూ అనే పేగుజబ్బుతో చనిపోయారు. సుబ్బారావుకూ అదే జబ్బు వస్తే ఆచంట లక్ష్మీపతి ఆయుర్వేద వైద్యంతో బతికారు. ఆ జబ్బుకు పనికొచ్చే విటమిన్ చివరికి ఆయన చేతుల మీదుగా వచ్చింది.

ఫోలిక్ ఆమ్లం వచ్చిన కొత్తలో, పెర్నిషియస్ అనీమియా అనే ప్రాణాంతక రక్తహీనత ఉన్నవాళ్లకు దాన్ని ఇచ్చారు. రక్తం పట్టింది, ముఖంలో కళ వచ్చింది. కానీ నెలలు గడిచేసరికి వాళ్ల పాదాలు మొద్దుబారాయి, నడక తూలింది. రక్తం బాగుపడుతుండగానే వెన్నుపాములో మైలిన్ ఉబ్బి చిట్లిపోతోంది. అంటే మైలిన్‌ను కాపాడేది ఇంకేదో ఉంది. 1948లో అమెరికాలో మెర్క్ వాళ్లూ, ఇంగ్లండులో గ్లాక్సో వాళ్లూ విడివిడిగా ఎర్రటి స్ఫటికాలుగా దాన్ని వేరుచేశారు. అదే విటమిన్ బి12. సుబ్బారావు ఆ ఏడాది ఆగస్టులోనే కన్నుమూశారు.

బి12 లేకపోతే మైలిన్ కొవ్వుల తయారీ, దాని ప్రొటీనుకు మిథైల్ తోకలు తగిలించే పని కుంటుపడతాయి. ముందు దెబ్బతినేవి వెన్నుపాము వెనకభాగంలోని లావు పోగులు, కాలు ఎక్కడుందో మెదడుకు చెప్పేవి. అందుకే ఆ మనిషి పగలు బాగానే నడుస్తాడు, చీకట్లో తూలతాడు. కళ్లు మూసుకుని ముఖం కడుక్కుంటుంటే ముందుకు పడబోతాడు.

బి12ను ఏ మొక్కా తయారు చేయలేదు, బాక్టీరియా మాత్రమే చేస్తాయి. మనకది పాలు, పెరుగు, గుడ్లు, చేపలు, మాంసం ద్వారా అందాలి. రాగిసంగటి, ఊరిబిండి, చింతాకు పప్పు ఎంత బలమైన తిండైనా అందులో ఇది లేదు. రోజుకు కావలసింది రెండు, రెండున్నర మైక్రోగ్రాములే, కానీ అదీ అందనివాళ్లు చాలామంది ఉన్నారు. హైదరాబాద్‌లో పైకి ఆరోగ్యంగా కనిపించే పెద్దవాళ్లను జాతీయ పోషకాహార సంస్థ పరీక్షించి 2016లో ప్రచురించిన అధ్యయనంలో ఇంచుమించు మూడో వంతు మందికి బి12 తక్కువని తేలింది. మన జిల్లా పాలకు పేరున్న జిల్లా. అయినా పాలన్నీ కేంద్రానికి పోసి, ఇంట్లో ముసలామెకు నీళ్లమజ్జిగ మిగిల్చే ఇళ్లు ఊరూరా ఉన్నాయి. వయసు పెరిగేకొద్దీ కడుపులో ఆమ్లం తగ్గి తిన్న బి12 కూడా ఒంటికి పట్టదు. షుగరుకు మెట్‌ఫార్మిన్ ఏళ్ల తరబడి మింగేవాళ్లకూ, గ్యాస్ మాత్రలు రోజూ వేసుకునేవాళ్లకూ ఇది ఇంకా తగ్గుతుంది. షుగరు ఉన్న మనిషి కాళ్లు తిమ్మిరెక్కితే ఇంట్లోవాళ్లూ, ఒక్కోసారి డాక్టర్లూ షుగరు వల్లే అనుకుని వదిలేస్తారు. షుగరు వల్లా కావచ్చు, బి12 వల్లా కావచ్చు, రెండూ కలిసీ కావచ్చు. తెలుసుకోవడానికి ఒక రక్తపరీక్ష చాలు.

తొలి నెలల్లో పట్టుకుంటే సూదులతోనో మాత్రలతోనో మైలిన్ చాలావరకు తిరిగి వస్తుంది. ఏడాది దాటి పోగులే చచ్చాక రాదు. రక్తం తక్కువని ఫోలిక్ మాత్రలు మాత్రమే వాడుతూ బి12 చూపించుకోకపోతే పైకి బాగుపడినట్టే ఉండి లోపల నరం పోతుంది. కాబట్టి మీ ఇంట్లో పెద్దవాళ్లను ఒక్కసారి అడగండి. రెండు పాదాలూ తిమ్మిరెక్కుతున్నాయా, చెప్పు జారిపోయినా తెలియడం లేదా, చీకట్లో గోడ పట్టుకుని నడుస్తున్నారా అని. అవునంటే ముసలితనమని సరిపెట్టుకోకుండా చిత్తూరుకో తిరుపతికో తీసుకుపోయి బి12 పరీక్ష చేయించండి. వాడుతున్న మాత్రలన్నీ సంచిలో వేసుకుపోయి డాక్టరుకు చూపించండి.